నాలుగో సవరణ మీద నేను చేసిన బేరం

ఇరవై ఆరేళ్లు వర్జీనియాలో ఒక పబ్లిక్ హైస్కూల్లో పన్నెండో తరగతి పిల్లలకి అమెరికా ప్రభుత్వం, రాజ్యాంగం పాఠాలు చెప్పి మొన్న జూన్‌లో రిటైరయ్యాను. ఇక్కడ ఆ సబ్జెక్టు పేరే గవర్నమెంట్. నేను గవర్నమెంట్ టీచర్నంటే మనవాళ్లు సగం మంది "పెన్షన్ వస్తుందా అండీ" అని అడిగేవారు. వస్తుంది. అంతకంటే లోతుగా ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు.

ఇప్పుడు అడిగిన మనిషి దొరికింది. ఆష్‌బర్న్‌లో మాకు తెలిసినవాళ్ల అమ్మాయి, ఇక్కడే పుట్టి పెరిగింది, వచ్చే ఆగస్టు నుంచి ఇదే సబ్జెక్టు చెప్పబోతోంది. "ఆంటీ, టిప్స్ ఏమైనా ఉన్నాయా" అంది. లెసన్ ప్లాన్లు, మార్కులు, పేరెంట్ మీటింగులు ట్రైనింగ్‌లో చెప్పేస్తారు. అక్కడ చెప్పనివి ఇక్కడ రాస్తున్నాను. ఆ పిల్లకి తెలుగు చదవడం రాదు. వాళ్లమ్మ చదివి వినిపిస్తానంది. కాబట్టి వాళ్లమ్మ కూడా వినవలసినవి కొన్ని మధ్యలో పెట్టాను.

కొట్టు మెట్ల మీద

మాది తెనాలి. నాన్నది బట్టల కొట్టు, బాబాయిది పక్కనే చెప్పుల కొట్టు, ఎదురుగా పెదనాన్నది స్టీలు సామాన్లు. నేను హోంవర్కు చేసుకున్నది గల్లాపెట్టె పక్కన. కొట్టుకి నాలుగు మెట్లు ఉండేవి. బేరం కుదరక కొనేవాళ్లు లేచి వెళ్తుంటే ఎప్పుడు వెనక్కి పిలవాలన్నది నాన్న విద్య. మొదటి మెట్టు మీద పిలిస్తే మన తొందర తెలిసిపోతుంది. నాలుగో మెట్టు దిగాక పిలిస్తే వాళ్లు చెప్పులేసుకుని ఉంటారు, ఇక రారు. మూడో మెట్టు మీద, అదీ ఏదో గుర్తొచ్చినట్టు పిలవాలి. ఆ తర్వాత నేను పొలిటికల్ సైన్స్‌లో ఎమ్మే చేశాను గానీ, నాకు తెలిసిన రాజనీతి ఆ మూడో మెట్టే.

అందుకని ఈ దేశపు రాజ్యాంగం నాకు చదవగానే నచ్చింది. ఫిలడెల్ఫియాలో మంచి వేసవిలో కిటికీలు మూసుకుని కొందరు పెద్దమనుషులు నెలల తరబడి బేరమాడారు. జనం ఎక్కువున్న రాష్ట్రాలు జనాన్ని బట్టి ఓట్లు కావాలన్నాయి. చిన్న రాష్ట్రాలు అందరికీ సమానంగా కావాలన్నాయి. చివరికి రెండు సభలు పెట్టి, ఒకదాంట్లో మీ మాట, ఇంకోదాంట్లో మా మాట అన్నారు. అది చదివి నాకు మా పెదనాన్న గుర్తొచ్చాడు. ఇద్దరు అన్నదమ్ములు ఒకే బిందె కావాలంటే మూత ఒకరికి, బిందె ఒకరికి అమ్మి, ఇద్దరినీ మర్నాడు మళ్లీ రప్పించగల మనిషి.

క్లాసుని రెండుగా చీల్చి ఈ బేరం ఆడించేదాన్ని. పిల్లలు కుర్చీలు లాక్కుని, అరుచుకుని, మెట్లు దిగినట్టు నటించి, భలే ఆడేవాళ్లు. నేను తెగ మురిసిపోయేదాన్ని. మూడో ఏడు అనుకుంటాను, ఇమానీ అని నల్లజాతి అమ్మాయి, ముందు వరసలో కూర్చునేది, చెయ్యెత్తింది. పిల్లలు నా ఇంటిపేరు మొదటి అక్షరంతో నన్ను మిస్ జీ అనేవారు.

"మిస్ జీ, నేను ఏ వైపు కూర్చోవాలి?"

"నీ ఇష్టం. పెద్ద రాష్ట్రాలా, చిన్నవా?"

"రాష్ట్రాల జనాభా లెక్కలో బానిసల్ని ఐదుగురిని ముగ్గురిగా లెక్కపెట్టే బేరం కూడా ఇందులోదే కదా. మావాళ్లు ఏ వైపూ లేరు. బల్ల మీద ఉన్నారు."

మర్నాడు క్లాసుకి ఒప్పేసుకున్నాను. ఈ బేరాన్ని నేను అమ్మేవాడి కూతురిలా చూశాను, సరుకుగా మారిన మనుషుల వైపు నుంచి చూడలేదు అని. తర్వాత, సవరించుకునే దారి కూడా అదే కాగితంలో పెట్టుకున్నారని, ఒక యుద్ధం జరిగాక ఆ లెక్కని ఆ దారినే తీసేశారని చెప్పాను. ఇమానీ పూర్తిగా ఒప్పుకోలేదు. "యుద్ధం అక్కర్లేకుండా తీసెయ్యొచ్చు కదా" అంది. నిజమే. అప్పటి నుంచి ఆ ఆట ఆడించినప్పుడల్లా మధ్యలో ఒక కుర్చీ ఖాళీగా పెట్టేదాన్ని.

కొత్తగా చేరేవాళ్లకి నా మాట ఇది. నీకు బాగా ఇష్టమైన పాఠమే జాగ్రత్తగా చెప్పు. ఇష్టంలో కళ్లు సరిగ్గా కనపడవు.

మిసెస్ హార్పర్

నా డిపార్ట్‌మెంట్ హెడ్ మిసెస్ హార్పర్. వెస్ట్ వర్జీనియా కొండల్లోంచి వచ్చిన మనిషి. మోకాళ్ల నొప్పులు, పదునైన నాలుక. నా క్లాసులో వెనక కూర్చుని పాఠం విని, వెళ్తూ వెళ్తూ ఒక్క వాక్యం పారేసేది. మొదటి ఏడాది నేను తెనాలి కాలేజీ పద్ధతిలో నోట్సు చెప్పి రాయిస్తుంటే, "వాళ్లు నీ చేతిరాత నేర్చుకుంటున్నారు" అంది. రెండో ఏడాది, "రాజ్యాంగాన్ని ప్రేమించమని చెప్పకు. వాడమని చెప్పు. వాడితే ప్రేమ దానంతట అదే వస్తుంది" అంది. నేను విన్న టీచర్ ట్రైనింగ్ మొత్తం కలిపినా ఆ ఒక్క మాటకి సరిపోదు.

మన తెలుగు పిల్లల తండ్రులు కొందరు మార్కుల కోసం వచ్చేవారు. "బి ప్లస్‌ని ఏ మైనస్ చేస్తే మీదేం పోతుందండీ, మనవాళ్లేగా." నేను మా నాన్న కూతుర్ని, ఆ మూడో మెట్టు నా మీద ఎవరు వాడబోతున్నారో కనిపెట్టేదాన్ని. మార్కుల విషయంలో నన్ను ఎవరూ వంచలేదు. ఇంత గొప్పగా ఎందుకు చెప్పుకుంటున్నానంటే, తర్వాత చెప్పబోయేది అంత గొప్పగా ఉండదు.

ఫోను

ఎనిమిదేళ్ల కిందటి మాట. ఆ అమ్మాయి పేరు శ్రావ్య అనుకుందాం. వాళ్ల నాన్న, మా ఆయన ఒకే కంపెనీలో చేసేవారు. షాంటిలీలో మా ఇంటికి రెండు వీధుల అవతల వాళ్లిల్లు. స్కూల్లో నన్ను అందరిలాగే మిస్ జీ అనేది. శనివారం మా ఇంటికి గిన్నె తిరిగివ్వడానికి వస్తే ఆంటీ అనేది. ఏ చోట ఎలా పిలవాలో ఆ పిల్లకి స్పష్టంగా తెలుసు.

నవంబరు, కాలేజీ అప్లికేషన్లు వెళ్లే నెల. ఎవరో కెమిస్ట్రీ పరీక్ష పేపరు ఫోటో తీసి పంచారు. అసిస్టెంట్ ప్రిన్సిపాల్ మిస్టర్ డాయిల్ దాని వెంట పడ్డాడు. ఒకప్పుడు కుస్తీ కోచ్. మంచివాడే, ఎప్పుడూ టైమ్ లేని మనిషి. ఆ పరీక్ష పీరియడ్‌లో శ్రావ్య ఒకసారి బాత్రూమ్‌కి వెళ్లింది. ఆయన దగ్గర ఉన్నదల్లా అదే. ఆఫీసుకి పిలిచి ఫోన్ తెరిచి చూపించమన్నాడు. ఆ పిల్ల కుదరదంది. రెండు వారాల కిందట నేను చెప్పిన నాలుగో సవరణ పాఠం ఆయనకి అప్పజెప్పింది. మనిషినీ, ఇంటినీ, కాగితాల్నీ, సామాన్లనీ ఊరికే సోదా చెయ్యకూడదు. స్కూల్లో పోలీసుల్లాగా వారెంటు అక్కర్లేదు గానీ తగిన కారణం ఉండాలి. లేదా మనంతట మనం ఒప్పుకోవాలి.

డాయిల్ నా క్లాసుకి ఫోన్ చేశాడు. "మీ స్టూడెంట్ మీ పాఠం నాకు చెప్తోంది. కొంచెం వచ్చి సాయం చేస్తారా?"

నేను ఛాతీ విరుచుకుని వెళ్లాల్సిన సందర్భం. అలా వెళ్లలేదు. బేరం మధ్యలో ఆగిపోయింది, రా అమ్మా అని నాన్న కొట్లోకి పిలిచినట్టు వెళ్లాను. గదిలో రెండు పక్షాలు, మధ్యలో బల్ల, బల్ల మీద ఒక వస్తువు. నాకు ఇంకేం కనపడలేదు.

"ఆ రోజు తీసిన ఫోటోలు మాత్రమే. ఐదు నిమిషాలు. తర్వాత ఇచ్చేస్తారు" అన్నాను డాయిల్‌తో. ఆయన సరేనన్నాడు. నేను ఆ పిల్ల వైపు తిరిగి తెలుగులో అన్నాను.

"ఇచ్చెయ్యమ్మా. దాచడానికి నీ దగ్గరేముంది? చూసి ఇచ్చేస్తారు. నేనున్నాగా."

నా మొహంలోకి ఒక క్షణం చూసింది. బొటనవేలు పెట్టి ఫోన్ తెరిచి బల్ల మీద పెట్టింది.

ఫోటోల్లో ఏమీ లేదు. డాయిల్ తిరిగి ఇవ్వబోతుండగా స్క్రీన్ పైన ఒక మెసేజ్ వచ్చింది, స్నేహితురాలి దగ్గర్నుంచి. మీ అమ్మ ఈమెయిల్ ఐడియా రేపు మళ్లీ వాడదామా అని. ఆయన వేలు దాని మీద పడింది. పైకి జరుపుతూ చదివాడు. ఫిజిక్స్ టెస్టు ఉన్న రెండు రోజులు శ్రావ్యే వాళ్లమ్మ ఈమెయిల్ తెరిచి, పాపకి జ్వరం అని అటెండెన్స్ ఆఫీసుకి పంపింది. ఆ రెండు రోజులూ స్కూలుకి రాలేదు.

"ఫోటోలు మాత్రమే అనుకున్నాం" అన్నాను.

"చూశాక చూడనట్టు ఎలా ఉంటాను?" అన్నాడు డాయిల్.

పది రోజుల సస్పెన్షన్. శ్రావ్య బ్యాగ్ తీసుకుని వెళ్లిపోయింది.

మిసెస్ హార్పర్ దగ్గరికి వెళ్లి మొత్తం చెప్పాను. నేను లేకపోతే ఇంకా పెద్ద గొడవయ్యేదన్నట్టు కూడా చెప్పాను. ఆవిడ మోకాలు రుద్దుకుంటూ విన్నది.

"నాలుగో సవరణ ఆ పిల్లకి ఎవరు చెప్పారు?"

"నేనే."

"బాగా చెప్పావు. పరీక్ష వచ్చినప్పుడు ఆమె పాసయింది. టీచర్ ఫెయిలయింది."

సగం ధర

రెండు రోజులకి శ్రావ్య వాళ్లమ్మ ఫోన్ చేసింది. "అక్కా, ఇది అప్పీలు చేస్తానంటోంది. వాళ్లతో మనకెందుకు గొడవ? సారీ చెప్పి బయటపడదాం. మీరు చెప్తే వింటుంది." అదే రోజు డాయిల్ నన్ను కారిడార్‌లో ఆపి, అప్పీలు లేకపోతే పదిని ఐదు చేస్తానన్నాడు.

నిజం చెప్పాలి, నా చెవులకి పండగ. సగానికి సగం తగ్గింపు, అదీ అడక్కుండా. మా నాన్న కూడా ఇంత తగ్గించి ఎరుగడు. సాయంత్రం స్కూలు నుంచి నేరుగా వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ టీ పెట్టింది. శ్రావ్య సోఫా చివర కాళ్లు మడుచుకుని కూర్చుంది.

"ఐదు రోజులకి ఒప్పుకుంటారట" అన్నాను.

"ఆంటీ, అప్లికేషన్‌లో ఎన్ని రోజులు అని అడగరు. సస్పెండ్ అయ్యావా, యెస్ ఆర్ నో, అంతే. ఫైవ్ అయినా యెస్సే. టెన్ అయినా యెస్సే."

నలభై ఏళ్లుగా బేరమాడుతున్నదాన్ని, ఈ సంగతి నాకు తట్టలేదు. సగం అనేది లేని చోట సగం తెచ్చి చూపిస్తున్నాను.

"మరి నువ్వు చేసింది తప్పు కాదా? నా పేరు పెట్టి రాశావు" అంది వాళ్లమ్మ.

"తప్పే అమ్మా. నేను చెయ్యలేదు అని చెప్పట్లేదు. చేశా. ఆ టెస్ట్‌లకి జీరో ఇవ్వనీ. కానీ ఫోన్ ఎలా తీసుకున్నారు అనేది వేరే క్వశ్చన్."

"నువ్వే ఇచ్చావు కదే వాళ్లకి."

శ్రావ్య నా వైపు చూసింది. "ఆంటీ, మీరు నన్ను అడగలేదు. చెప్పారు."

టీ చల్లారిపోయింది. వాళ్లమ్మ కప్పులు తీస్తూ, "పెద్దవాళ్లతో అలాగేనా మాట్లాడేది" అని గొణిగింది. ఆ ఇంట్లో ఆ సాయంత్రం చట్టం సరిగ్గా చెప్పింది ఆ పిల్ల ఒక్కతే. అప్పీలులో ఏమీ తేలకపోతే పది రోజులూ రికార్డులో ఉంటాయి. కాలేజీలకి వెళ్తాయి. అది తెలిసే ఆ పిల్ల ఐదు వద్దంటోంది. హియరింగ్‌కి వచ్చి ఏం జరిగిందో చెప్తానన్నాను. "థ్యాంక్యూ, మిస్ జీ" అంది. ఇంట్లో నన్ను ఆ పేరుతో పిలవడం అదే మొదలు.

హియరింగ్

స్కూలు పిల్లని కొద్ది రోజులకి సస్పెండ్ చెయ్యాలన్నా, ముందు ఆరోపణేమిటో చెప్పి, ఆమె మాట వినాలని సుప్రీం కోర్టు ఎప్పుడో చెప్పింది. నేను ఏటా బోర్డు మీద రాసిన వాక్యమే. దాన్ని మనుషులతో, కుర్చీలతో చూడటం వేరు.

జిల్లా విద్యాశాఖ ఆఫీసులో చిన్న గది. నీళ్ల సీసాలు, ఒక రికార్డర్. హియరింగ్ ఆఫీసర్ ఒకప్పుడు మిడిల్ స్కూల్ ప్రిన్సిపాల్‌గా చేసినావిడ, కళ్లజోడు గొలుసుకి వేలాడుతోంది. ఆవిడ మాతో మొదలుపెట్టలేదు. శ్రావ్య వైపు కుర్చీ తిప్పుకుని, "నీ మీద ఉన్న ఆరోపణ చదువుతాను. అర్థం కాకపోతే ఆపు" అంది. చదివింది. అర్థమైందా అని అడిగింది. అయిందని శ్రావ్య చెప్పేదాకా ఆగింది. ఒక పదిహేడేళ్ల పిల్ల తల ఊపడం కోసం నలుగురు పెద్దవాళ్లం, స్కూలు ప్రిన్సిపాల్, డాయిల్, శ్రావ్య వాళ్ల నాన్న, నేను, కాగితాలు ముట్టకుండా కూర్చున్నాం. ఈ దేశంలో నేను చూసిన గొప్ప దృశ్యాల్లో అదొకటి. చాలా కట్టడాలు చూశాను, ఏదీ దీనికి సాటి రాదు.

తాను చేసిన తప్పు శ్రావ్య ఒప్పుకుంది. పిల్ల ఒప్పుకున్నాకే ఫోన్ చూశానని డాయిల్ చెప్పాడు. నా వంతు వచ్చింది.

"మీరు ఏమన్నారో అన్న భాషలోనే చెప్పండి, తర్వాత ఇంగ్లీషులో" అంది ఆఫీసర్. చెప్పాను.

"వద్దు అనే అవకాశం ఆమెకి ఉందా?"

"మా ఇళ్లలో ఆంటీ ఇచ్చెయ్యమ్మా అంటే పిల్లలకి రెండు దారులుంటాయి. ఇప్పుడే ఇవ్వడం, లేదా అమ్మతో తిట్లు తిని ఇవ్వడం."

శ్రావ్య వాళ్ల నాన్న నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆఫీసర్ నవ్వలేదు.

"మీరు ఆ గదిలోకి టీచర్‌గా వెళ్లారా, కుటుంబ స్నేహితురాలిగానా?"

"టీచర్‌గా వెళ్లాను. ఆంటీగా మాట్లాడాను. ఆ తేడా మిస్టర్ డాయిల్‌కి తెలిసే వీలు లేదు. నాకు తెలుసు."

ఆవిడ డాయిల్ వైపు తిరిగింది. "ఆమె వద్దనే అని ఉంటే, ఫోన్ చూడటానికి మీ దగ్గర వేరే కారణం ఉందా?"

ఇక్కడ ఆ మనిషి ఏదో ఒకటి అల్లొచ్చు. ఎవరో చెప్పారనొచ్చు, కంగారుగా కనపడిందనొచ్చు. పక్కన స్కూలు ప్రిన్సిపాల్ కూర్చుని ఉన్నాడు. డాయిల్ చేతులు బల్ల మీద పెట్టుకుని చూసుకున్నాడు.

"బాత్రూమ్‌కి వెళ్లింది. అంతే. అది చాలదు."

ఆ రెండు ముక్కలు అతనికి ఎంత కష్టమయ్యాయో నాకు తెలుసు. నాకు ఆ మనిషి మీద అప్పటిదాకా లేని గౌరవం కలిగింది. రాజ్యాంగాన్ని జడ్జీలు కాపాడతారని పుస్తకంలో ఉంటుంది. నేను చూసినంతవరకు దాన్ని ఎక్కువసార్లు కాపాడింది, అబద్ధం సులువుగా అందుబాటులో ఉన్నప్పుడు ముట్టుకోని మామూలు ఉద్యోగులు.

వారం తర్వాత ఉత్తరం వచ్చింది. అక్రమ సోదాలో దొరికిన సాక్ష్యాన్ని పక్కన పెట్టమనే కోర్టు నియమాలు తనకి వర్తించవని ఆఫీసర్ ముందే రాసింది. కానీ మన విద్యాశాఖ సొంత నిబంధనల ప్రకారమే సోదాకి తగిన కారణమో, స్వచ్ఛందమైన ఒప్పుకోలో ఉండాలి, ఇక్కడ రెండూ లేవు, కాబట్టి సస్పెన్షన్ రద్దు, రికార్డులోంచి తీసెయ్యాలి అంది. ఫిజిక్స్ సున్నాలు మాత్రం ఉండిపోయాయి, శ్రావ్య స్వయంగా ఒప్పుకుంది కాబట్టి. ఆ సున్నాల వల్ల గ్రేడు పడింది. తను అన్నిటికంటే కోరుకున్న కాలేజీ తీసుకోలేదు. రెండోది తీసుకుంది. హక్కు గెలిస్తే అన్నీ గెలిచినట్టు కాదని పిల్లలకి ముందే చెప్పండి, లేకపోతే మనల్ని నమ్మరు.

డాయిల్ ఒకరోజు పార్కింగ్ లాట్‌లో నన్ను ఆపాడు. "ఈసారి నేను పిలిస్తే, వచ్చేముందు ఎందుకని అడగండి" అన్నాడు. అప్పటినుంచి ఫోన్ చూపించమని అడిగేముందు, నువ్వు వద్దనొచ్చు అని పిల్లలకి తనే చెప్పేవాడు. చాలామంది వద్దనేవారు. ఆయన పని కష్టమైంది. మానలేదు.

అడగడం

ఆ వసంతంలో, సెలవులకి ముందు, శ్రావ్యని క్లాసు అయ్యాక ఆపాను. క్షమాపణ అంతకుముందే చెప్పాను, తను విన్నది. ఈసారి వేరే పని. ఈ కేసు వచ్చే ఏడాది క్లాసులో చెప్పొచ్చా అని అడిగాను. నా ఇరవై ఆరేళ్లలో ఇంతకంటే మంచి పాఠం నా చేతికి రాలేదు, నా తప్పుతో సహా.

"నో" అంది.

నా దగ్గర మూడు బేరాలు సిద్ధంగా ఉన్నాయి. పేరు మారుస్తాను. వేరే స్కూలంటాను. రెండేళ్లు ఆగుతాను. నోటిదాకా వచ్చాయి. ఆ పిల్ల బ్యాగు భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది, నేను పిలుస్తానేమోనని. సరేనన్నాను. తను వెళ్లిపోయింది, నేను పిలవలేదు. బేరంలో నేను వెనక్కి పిలవకుండా వదిలేసిన మొదటి మనిషి బహుశా ఆ పిల్లే.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఈ కథ ఏ క్లాసులోనూ చెప్పలేదు. నాలుగో సవరణకి కోర్టు కేసులే చెప్పాను. బాగానే ఉండేవి. దీనంత బాగా ఉండేవి కావు. కొత్త టీచర్లకి నా దగ్గర సలహాలు ఎక్కువ లేవు. ఈ ఒక్కటి మాత్రం చెప్తాను. వద్దనే హక్కు గురించి గంటసేపు పాఠం చెప్పడం సులువు. ఎదురుగా ఉన్న పిల్ల మనకే వద్దంటే మొహం మాడ్చుకోకుండా ఉండటం, అదీ మన ఉద్యోగం. మన ఇళ్లలోంచి వచ్చిన టీచర్లకి ఇది ఇంకొంచెం కష్టం. అమ్మలకి మరీను.

ఈ వ్యాసం రాయాలనుకున్నప్పుడు శ్రావ్యకి మెసేజ్ పెట్టాను. ఇప్పుడు ఫ్రీమాంట్‌లో ఉద్యోగం, రైల్లో ఆఫీసుకి వెళ్తుందట. రాయొచ్చా అని ఒక్క వాక్యం అడిగాను, కింద ఏ వివరణా పెట్టలేదు. రెండు రోజులు జవాబు లేదు. రాకపోతే ఇమానీ ఖాళీ కుర్చీ దగ్గరే ఆపేద్దామనుకున్నాను. మూడో రోజు వచ్చింది.

"రాయండి ఆంటీ. నా పేరు మార్చండి. మా అమ్మని ఫూల్‌లా చూపించకండి, అప్పుడు తను భయపడింది, అంతే. ఆ ఈమెయిల్స్ నేనే పంపాను అన్నది మాత్రం తీసెయ్యకండి. అది లేకపోతే నేను కరెక్ట్ అని అందరూ ఈజీగా ఒప్పుకుంటారు."

మూడు షరతులు. మూడూ అన్నట్టే పెట్టాను.